చల్లనీళ్ళ గ్లాసు

శనివారం రాత్రి, క్యారీ ఊళ్ళో.

ఈరోజు మా ఇంటి ప్రార్థన కూడికలో రెండు గ్లాసులు పెట్టి బోధించాను. ఒకదాంట్లో వేడినీళ్ళు, ఇంకోదాంట్లో ఐస్ నీళ్ళు. రెండిట్లోనూ ఒకేసారి నురగలొచ్చే గ్యాస్ మాత్రలు వేశాను. వేడినీళ్ళలో మాత్ర బుసబుసా పొంగింది. "ఇదీ మండే హృదయం! ఆ చల్లటిదాన్ని ప్రభువు ఏం చేసుకుంటాడు?" అని గర్జించాను.

కూడికకొచ్చే జాన్ గారి అమ్మాయి చెయ్యెత్తింది. "అంకుల్, రెండిట్లో సేమ్ గ్యాస్ వస్తుంది. కోల్డ్‌లో రియాక్షన్ స్లో, అంతే. కొంచెం వెయిట్ చెయ్యండి."

"వచ్చే వారం ప్రసంగం నువ్వే ఇచ్చెయ్యమ్మా!" అన్నారు జాన్ గారు. అందరితోపాటు నేనూ నవ్వాను.

వాళ్ళు వెళ్ళాక గ్లాసులు కడగబోతే, చల్లనీళ్ళలోనూ మాత్ర పూర్తిగా కరిగిపోయి ఉంది. అప్పుడు, మొన్నటిదాకా మా కూడికకొచ్చిన సుధీర్ గుర్తొచ్చాడు.

పోయిన నెల ఇదే గదిలో బాప్తిస్మం మాటెత్తితే, "అన్నా, నాకింకా టైమ్ కావాలి. రోజూ బైబిల్ చదువుతున్నా" అన్నాడు. నులివెచ్చని వాళ్ళను ప్రభువు ఉమ్మివేస్తాడని అందరి ముందూ వాక్యం తీసి చదివాను. తేల్చుకునేదాకా రావద్దన్నాను. అతను గుమ్మం దగ్గర బూట్లు వేసుకుంటుంటే, వెనక నుంచి అందరిచేతా ఆమేన్ అనిపించాను. ఆ ఆమేన్ ఈ రాత్రి చెవుల్లోంచి పోవడం లేదు.

దేవుని దీర్ఘశాంతం మీద ఎన్ని గంటలు ప్రసంగించి ఉంటాను!

ఇందాక సుధీర్‌కి మూడుసార్లు ఫోన్ చేశాను. తీయలేదు. నాలుగోసారి చేయబోయి, తీస్తే ఏమనాలో తెలియక ఆగిపోయాను. వాక్యం ఎంతైనా చెప్పగలను. క్షమించు తమ్ముడూ అనడం మాత్రం...