ఎనభై మీద ముల్లు

అన్నా, నాయన పాత మిలిటరీ లారీని పినపాకకు నేనే తీసుకెళ్తున్నాను. తాళం కోసం వెతకకు. పొయ్యి మీద చారు ఉంది, వేడి చేసుకో.

పోయిన నెల టేకులపల్లి దారిలో నేను నడుపుతుంటే ఇంజను వేడి చూపే ముల్లు ఎనభై డిగ్రీలకు వచ్చింది. "ఇంజను కాలిపోతున్నది, ఆపు చెల్లె" అని అరిచావు. "ఎనభై, తొంభై దానికి మామూలే అన్నా, నాయన ఎన్నిసార్లు చెప్పిండు" అన్నాను. నువ్వు వినలేదు. దిగి, వేడి ఇంజను మీద వాగు నీళ్లు గుమ్మరించావు. ఇంజను పైన బిగించే హెడ్డు పగిలింది.

ఆ ఆదివారమే చర్చిలో లేచి, "మా హెప్సిబా చేతుల ఇంజను పాడైంది, దానికి బుద్ధి రావాలని ప్రార్థన చెయ్యుండ్రి" అన్నావు. అందరూ చేశారు.

నిన్న మెకానిక్ బాలకృష్ణ కొత్త హెడ్డు బిగించాడు. "కాలే ఇంజను మీద చన్నీళ్లు ఎవడు పోసిండమ్మా?" అని అడిగాడు. చన్నీళ్లు పోస్తేనే హెడ్డు పగిలిందని అతనితో కాగితం మీద రాయించి సంతకం పెట్టించాను, పోసింది నువ్వని కింద నేను రాశాను. కాగితాన్ని పగిలిన హెడ్డుకు కట్టి, చర్చి మెట్ల మీద పెట్టించాను. పాస్టరుగారు చదివారు. రేపు ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పేవాళ్లలో మొదటి పేరు నీదే రాయించాను. ఆ వేళకు నేను తిరిగొస్తాను.

నీ తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీ మీద పెట్టాను. ఊరంతా చూస్తుంది, నలగకుండా వేసుకురా.

హెప్సిబా