వరితల్లి జడుసుకోకుండా

ఇబూ,

మీ మాటలో పిలిస్తేనే మిమ్మల్ని అమ్మా అన్నట్టుంటుంది. మీరు పోయి నేటికి ఏడాది. ఈ తెలుగు మీకు చేరదనీ తెలుసు.

యూనివర్సిటీ ప్రాజెక్టు కోసం ఇండోనేషియాలో మీ కొండ ఊరికొచ్చి, మొదటి కోతకు కొడవలి పట్టుకొచ్చాను. మీరు లాక్కుని వెనక దాచేశారు. పైరులో ఉండే వరితల్లి చూస్తే జడుసుకుంటుందంటూ అరచేతిలో ఇమిడే చిన్న కత్తి ఇచ్చి, ఒక్కో వెన్నే కోయమన్నారు. గోదావరి పిల్లకే కోత నేర్పుతారా అని ఉడుక్కున్నాను.

ఈరోజు, మేం స్థిరపడ్డ పరాయి దేశపు ఊరు పాయింట్ కుక్‌లో, మా పెరటి టబ్బులో పండిన వరిని అలాగే కోశాను. ఒక్క గింజైనా రాలనివ్వలేదు. మధ్యలో మా అమ్మాయి కత్తెర తెచ్చింది.

"మమ్, దిస్ ఈజ్ క్వికర్."

"దాచవే, చూస్తే జడుసుకుంటుంది."

నవ్వుతుందనుకున్నాను. గబుక్కున వెనక దాచి, గుసగుసగా అడిగింది: "సారీ మమ్... డిడ్ ఇట్ సీ?"

చూడలేదని చెప్పాను, ఇబూ.