విల్డా వాకిట్లో నీలం బండి

లిక్ ఫోర్క్, కెంటకీ
మార్చి, 1996

ఒసే నోవలీన్,

ఈ ఉత్తరం చూసి గుండె పట్టుకోకు. నేనే, ఆర్లీ కాడిల్ కూతురు విల్డాని. బతికే ఉన్నాను. ముప్పై ఏళ్లుగా ఎక్కిన ప్రతి వేదిక మీదా నా వాకిలి గురించి పాడావు గానీ ఆ వాకిట్లో మళ్లీ అడుగు పెట్టలేదు. అందుకని నేనెవరో చెప్పుకోవాల్సి వస్తోంది.

నిన్న పొద్దున హోటల్ కిటకిటలాడుతోంది. పెనం మీద గుడ్లు, పొయ్యి మీద చిక్కుడు గింజలు, అలమర మీద రేడియో. నీ గొంతు వినపడగానే బొగ్గు లారీల డ్రైవర్లందరూ నోళ్లు మూసుకున్నారు. నీ ముప్పై అయిదేళ్ల పాటల్లోంచి ఇరవై ఏరి నాష్‌విల్ పాటల కంపెనీ వాళ్లు ‘నోవలీన్ టాకెట్ ఆణిముత్యాలు’ అని సీడీ తెస్తున్నారని చెప్పావు. సంతోషించాను, అబద్ధమెందుకు. మీ నాన్న గనిలో పోయాక ఆయన గిటారు తెచ్చుకుని, మా అరుగు మీద కూర్చుని, వేళ్లు పగిలేదాకా వాయించిన పిల్లవి నువ్వు. పక్కన కూర్చుని గొంతు కలిపినదాన్ని నేను.

అప్పుడా రేడియో కుర్రాడు అడిగాడు, “మరి నీలం బండి పాట లేదేంటండీ? జనం ఎక్కువగా కొన్నది అదే కదా!” అని. నువ్వు నవ్వావు. “పాపం, ఆ పాటలో విల్డా ఈపాటికి ముసలిదై ఏ మూలో కూర్చునుంటుంది. పోనీలే, వదిలేద్దాం” అన్నావు.

మూల కూర్చున్నానా! కోడి కూయకముందే లేచి ఈ లోయలో సగం మందికి రొట్టెలు కాల్చి పెడుతున్నాను నేను. పైగా నీకంటే చిన్నదాన్ని.

హోటలంతా నా వైపు తిరిగింది. ఓడెల్ అని ఓ డ్రైవరున్నాడు, వాడి నోటికి మూత లేదు. “విల్డా అత్తా, బియ్యంలో రాయిని ఏరినట్టు నిన్ను ఏరి పారేసిందిగా!” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి, అవసరం లేకపోయినా ఉల్లిపాయలు ముందేసుకుని ఏడ్చాను.

ఆ పాట నాకేం చేసిందో నీకు తెలియదు. వచ్చిన కొత్తలో చర్చిలో ఆడవాళ్లు నా బల్ల మీద కూర్చోవడం మానేశారు. నన్ను చేసుకుంటానన్న కుర్రాడు మొహం చాటేశాడు. పిల్లలు మా వాకిలి దాటుతూ “చెప్పు విల్డా, బండి ఎవరిదే” అని పాడుతూ పరిగెత్తేవాళ్లు. ఆ తర్వాత, ఇది విను, ఆ చెడ్డ విల్డా ఎలా ఉంటుందో చూద్దామని పక్క జిల్లా నుంచి బర్ట్ అని ఒకాయన వచ్చాడు. నా ఎండు యాపిల్ కేకు ఓ ముక్క తిన్నాడు. ఇంకో ముక్క అడిగాడు. ఇప్పుడు నాకు మనవలు. అలా చూడటానికి వచ్చే జనంతోనే హోటల్ కూడా నిలబడింది. నాణెం వేస్తే పాడే మా జ్యూక్‌బాక్స్‌లో నీ పాట మొదటి మీట మీదే ఉంటుంది, నేనే పెట్టించాను.

నీ పాట నన్ను ముంచింది, తేల్చింది. నా బతుకంతా దాని చుట్టూనే తిరిగింది. ఇప్పుడొచ్చి జాలిపడి తీసేస్తానంటావా? నీ తిట్టు ముప్పై ఏళ్లు మోశాను నోవా. నీ జాలి ఒక్క పూట కూడా మోయలేను. నా పాట నాకు తిరిగి పెట్టు.

ఇంకా కోపం తీరని,
విల్డా

*

హెండర్సన్‌విల్, టెనెసీ
ఏప్రిల్

విల్డాకు,

నీ ఉత్తరం మూడుసార్లు చింపబోయి ఆగాను. నీ నోరేమీ మారలేదు.

రేడియోలో అన్నది ఊరికే అన్న మాట. అసలు సంగతి వేరు. నా హర్షెల్ జనవరిలో పోయాడు. పేపర్లో వేశారు, చూసే ఉంటావు. అప్పట్నుంచి ఆ పాట నా నోట రావడం లేదు. “చెప్పు విల్డా, తెల్లారే వేళ నీ వాకిట్లో ఆ నీలం బండి ఎవరిదే” దాకా వచ్చి, అక్కడితో ఆపేస్తాను.

ఆ రోజు తెల్లారుతుండగా నీ వాకిట్లో మా నీలం బండి చూసి, ఇంటికొచ్చి హర్షెల్‌ని నిలదీశాను. “రాత్రంతా విల్డా ఇంట్లో ఏం చేశావు?” అన్నాను. తల వంచుకున్నాడు. వంచుకున్న తలనే జవాబనుకున్నాను. వదిలెయ్యలేదు, క్షమించాను. క్షమించానని వారానికోసారి గుర్తు చేస్తూ ముప్పై ఏళ్లు కాపురం చేశాను. ఒక్కసారి ఎదురు చెప్పలేదు. చివరి రోజున నా చెయ్యి పట్టుకుని, “పెద్ద తప్పు చేశాను నోవా. విల్డాని అడుగు” అన్నాడు. ఆ తర్వాత మాట పడిపోయింది.

అడగడానికి ధైర్యం చాల్లేదు. ఇన్నాళ్లూ నేను క్షమించింది ఒక్క రాత్రిని. నిన్నడిగితే అది ఒక్క రాత్రి కాదంటావేమో, ఆ మనిషి జ్ఞాపకం కూడా నాకు మిగలదేమోనని భయం. అందుకే పాట తీసేయమన్నాను. నీ మీద జాలితో కాదు, నా మీద జాలితో.

కంపెనీ వాళ్లు ఇంకో గొడవ పెట్టారు. పాత పాటలు జనం దగ్గర ఎలాగూ ఉన్నాయి, కొత్తదొకటి ఉంటేనే మళ్లీ కొంటారట. ఒక్క కొత్త పాట ఇవ్వమంటున్నారు. నా దగ్గర ఒక్క ముక్క లేదు. జనవరి నుంచి నాన్న గిటారు పెట్టెలోంచి తియ్యలేదు. ‘ఆణిముత్యాలు’ అంటే ఏమిటో నాకు తెలియదా విల్డా? మనిషి పని అయిపోయిందనుకున్నప్పుడు తెచ్చేది. నాకూ అయిపోయిందనే అనిపిస్తోంది.

సరే, దేశమంతటినీ అడిగాను, నిన్ను తప్ప. ఇప్పుడు రాగం లేకుండా, ఉత్త మాటల్లో అడుగుతున్నాను. ఆ రాత్రి ఆ బండి నీ వాకిట్లో ఎందుకుంది?

నోవలీన్

*

లిక్ ఫోర్క్
అదే వారం

నా పిచ్చి నోవా,

అడిగావు. ఇన్నాళ్లకి. నీ ఉత్తరం చదివి పొయ్యి కట్టేసి, హోటల్‌కి తలుపేసి కూర్చున్నాను. ఓడెల్ బయట నిలబడి “అత్తా, ఎవరైనా పోయారా?” అని అరుస్తున్నాడు. అరవనీ.

నువ్వు కొత్త గిటారు పట్టుకుని ఊళ్లమ్మట పాడటానికి వెళ్లావు. మీ నాన్న గిటారు ఇంట్లో కుర్చీ మీద పెట్టి, దుప్పటి కప్పి వెళ్లావు. హర్షెల్ గని నుంచి అలిసిపోయి వచ్చి, దీపం కూడా వెయ్యకుండా ఆ కుర్చీలో కూలబడ్డాడు. వాడెంత భారీ మనిషో నీకు నేను చెప్పాలా? గిటారు వెనక చెక్క నిలువునా చీలిపోయింది.

దాన్ని దుప్పట్లో చుట్టి, ఆ నీలం బండిలో వేసుకుని, చంటిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు మా ఇంటికి తెచ్చాడు. ఈ లోయలో ఫిడేళ్లు, గిటార్లు బాగుచేసేది మా నాన్న ఒక్కడేగా. “ఆర్లీ మావా, దాని నాన్న గుర్తు ఇదొక్కటే. నన్ను బతికించు” అని కాళ్ల మీద పడ్డంత పని చేశాడు. అతుకు వెయ్యడానికి ఎండిన మంచి చెక్క ఇంట్లో లేదు. నాన్న కాసేపు ఆలోచించి, అమ్మ పెళ్లినాటి దేవదారు పెట్టె తెచ్చి, అడుగు పలక ఊడదీశాడు. అమ్మ పోయాక ఆ పెట్టెను ఎవరినీ ముట్టుకోనివ్వని మనిషి. నేను దీపం పట్టుకున్నాను. నాన్న లోపలి వైపు అతుకులేసి, జిగురు పెట్టి, బిగించి, “తెల్లారేదాకా ఇది కదలకూడదు” అన్నాడు. హర్షెల్ కూడా కదల్లేదు. జ్వరం వచ్చిన పిల్లాడి పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు.

తెల్లారుతుండగా మలుపు దగ్గర కారు ఆగిన చప్పుడు విన్నాను. నువ్వే అనుకుని పరిగెత్తుకొచ్చాను. అరుగు దాటేలోపే వెళ్లిపోయావు. నీ కోపంలో నువ్వు ఆ కుర్చీ వైపు చూడనే లేదట, వాడు గిటారుని మెల్లగా తెచ్చి అదే దుప్పటి కింద పెట్టేశాడు.

పాట బయటికొచ్చాక హర్షెల్ ఏడుస్తూ వచ్చాడు. “చెప్పెయ్యనా విల్డా?” అన్నాడు. వాడే మళ్లీ, “ఆడదాని సంగతైతే నోవా క్షమిస్తుంది. ఆల్రెడీ క్షమించేసింది కూడా. వాళ్ల నాన్న గిటారు మీద కూర్చున్నానంటే చచ్చినా క్షమించదు” అన్నాడు. వాడి లెక్క తప్పని నేననలేకపోయాను. నీ సంగతి నాకు తెలుసుగా. నా అంతట నేను చెప్పనని మాటిచ్చాను. నువ్వు అడిగితే మాత్రం దాచనని కూడా వాడి మొహం మీదే చెప్పాను. అదే నా బాధ నోవా. ఊరు అన్న మాటలు కాదు. ఒక్క అరుగు మీద పెరిగాం, తలుపు తట్టి అడిగితే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు, పాడావు.

ఆ పాట ఏ గిటారు మీద కట్టావో తెలుసు నాకు. వాయించే ముందు ఎప్పుడైనా దాని లోపల చూశావా? వెళ్లి చూడు.

ఇంకో మాట. మన కొండల్లో ఒకరు పాటతో పొడిస్తే రెండోవాళ్లు పాటతోనే జవాబు చెప్పాలి. నీ పాట ఊరూరా తిరిగింది. నా జవాబు గిన్నెలు తోమే తొట్టి దగ్గరే ఉండిపోయింది. అదే రాగం:

బండి ఎవరిదని ఊరంతా అడిగావు,
తలుపు తట్టి నన్నొకసారి అడగవే!
మీ నాన్న గిటారు మా ఇంట్లో పడుకుంది,
కాపలా కూర్చుంది నీ మొగుడే!

బాగోకపోతే పొయ్యిలో పెట్టు.

నీ విల్డా

*

హెండర్సన్‌విల్
ఏప్రిల్ చివర

విల్డా, నా విల్డా,

గిటారు తీశాను. మొహానికి పౌడరు రాసుకునే చిన్న అద్దం దాని బొజ్జలోకి దించి, టార్చి వేసి చూశాను. వెనక చెక్క మధ్యలో, వెన్నెముక పొడుగునా, ఎర్ర దేవదారు అతుకులు. ఎంత నున్నగా చెక్కాడే మీ నాన్న! ఎవరూ చూడని చోట అంత నునుపు ఎందుకు?

ఈ గిటారు దేవదారు వాసన ఎందుకు వేస్తుందని హర్షెల్‌ని ఓసారి అడిగాను. “మీ నాన్న పైనుంచి దీవిస్తున్నాడు” అన్నాడు. దొంగ సచ్చినోడు! అని గట్టిగా తిట్టాను. తిట్టాక, నిజంగానే చచ్చిపోయాడు కదా అని గుర్తొచ్చి నేల మీద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూ నవ్వాను. చెయ్యని తప్పుకి వారం వారం నా క్షమ భరించాడు విల్డా, నా గిటారు కోసం! అంత ప్రేమని నేను తప్పు చేసినవాడి తల వంపు అనుకున్నాను. అంతకంటే సిగ్గుచేటు ఇంకొకటుంది. మీ అమ్మ పెళ్లి పెట్టె చెక్కని నా గుండెకి ఆనించుకుని, దాంతోనే మోగించి, ఆమె కూతుర్ని తిట్టాను. నన్ను క్షమించమని అడగను. మా ఇంట్లో క్షమించడం ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది కదా. కోప్పడు. ఎదురుగా కూర్చుని కోప్పడు.

కంపెనీకి ఫోన్ చేశాను. నీలం బండి పాట లోపలికి వచ్చేసింది. దాని వెనకే కొత్త పాట, నీ జవాబు, నీ పేరుతో, నీ గొంతుతో. అక్కడి కుర్రాడు “ఆవిడకి పాడటం వచ్చా అండీ?” అన్నాడు. “నేను పాడటం నేర్చుకుంది ఆవిడ పక్కన కూర్చునే రా” అన్నాను. మిగతా చరణాలు మనిద్దరం కడదాం. నిన్న రెండు కట్టాను కూడా. చాలా రోజులకి వేళ్లు నొప్పి పుట్టాయి.

వచ్చే శనివారం సాయంత్రం వస్తున్నాను. నా బస్సు నీలంది కాదు, గులాబీ రంగు. రెండు వైపులా నా పేరు మనిషి ఎత్తున రాసి ఉంటుంది. దాన్ని నీ వాకిట్లో, హర్షెల్ బండి ఆపిన చోటే ఆపుతాను. ఆదివారం చర్చికి వెళ్లే జనమంతా చూసి, తిరిగొస్తూ మళ్లీ చూసేదాకా కదలను.

రొట్టెలు కాస్త ఎక్కువ చెయ్యి. దారినపోయేవాళ్లు ఎవరైనా ఆగి, ఈ బండి ఇక్కడెందుకుందని అడిగితే లోపలికి పిలువు. అడిగినవాళ్లకి చెబుదాం.

నీ తలుపు తట్టబోతున్న,
నోవా