సైకిల్లోంచి తీసిన ఏడు సేర్లు

వికారాబాద్,
16 జూన్ 1958

ప్రియమైన నాయనకు మార్త వందనాలు.

ఆస్పత్రి వెనక గది ఇచ్చారు. పక్క గదిలో ఆయా ఇంద్రమ్మ ఉంటుంది, నన్ను బాగా చూసుకుంటోంది. మంత్రసాని ఉద్యోగమంటే ఆస్పత్రిలో కూర్చోవడమే అనుకున్నాం కదా, అది కాదట. అనంతగిరి గుట్ట మీది తండాలన్నీ నావే. కబురొచ్చిన గంటలో అక్కడ ఉండాలి. "ఆరు నెలలు జూస్త మార్తా. అందుకోకపోతే ఇంకొకామెను పెట్టుకుంట" అని డాక్టరమ్మ మొదటి రోజే చెప్పేసింది.

నువ్వు బిగించి ఇచ్చిన సైకిల్ గట్టిదే, కానీ మహా బరువు నాయనా. గుట్ట సగంలో, క్షయ ఆస్పత్రి గేటు దగ్గర, రోజూ దిగి తోసుకుంటూ పోతున్నాను. రేపటి రైలు లగేజీలో పంపుతున్నాను. ఏం చేస్తావో చెయ్యి. ఈ ఉద్యోగం పోతే నాకు ఇంకో దారి లేదు.

నీ బిడ్డ
మార్త

తాండూరు,
23 జూన్ 1958

బిడ్డా మార్తా, నాయన దీవెనలు.

నీ తీరుగ పుస్తకాల తెలుగు నాకు రాదు, మాట్లాడినట్టే రాస్తున్న. సైకిల్ ముట్టింది. తరాజుల పెడితే ఇరవై రెండు సేర్లు తూగింది. గట్టిగుండాలె అని బిగించిన గని గుట్ట సంగతి యాదికి రాలే. తప్పు నాదే.

చైన్ డబ్బా, కారియర్, స్టాండు, డైనమో, మడ్గార్డులు అన్నీ పీకేసిన. నాలుగు సేర్లు పోయినయ్. సంచి వీపుకు గట్టుకో. చీర కుచ్చిళ్లు మీదికి దోపుకో, చైన్ల పడతది. తీసిన ఒక్కో సామానుకు సరితూగే బండ ముక్క ఏరి మన సైకిల్ దుకాణం అరుగు మీద వరుసగ పెట్టిన. "ఇవేంది జంగప్పా" అని అడిగినోళ్లకు "నా బిడ్డ మీదికెల్లి దించిన బరువు" అని చెప్తున్న.

ఫికర్ జేయకు. నేనున్న.

నీ నాయన

వికారాబాద్,
14 జూలై 1958

ప్రియమైన నాయనకు,

పది రోజులు హాయిగా ఎక్కాను. మడ్గార్డులు లేక తెల్లచీర వీపు దాకా బురదే. "బర్రెలెంట పోయినవా ఏంది" అని ఇంద్రమ్మ ఒకటే నవ్వు. తర్వాత మళ్లీ మొదటికొచ్చింది.

నిన్న తండాలో మొగులమ్మ కాన్పు. నేను పోయేసరికి పిల్ల బయట పడింది, అత్త చేతిలో తుప్పు కొడవలి ఉంది, బొడ్డు కొయ్యబోతోంది. చెయ్యి పట్టుకుని ఆపాను. మాట్లాడటానికి ఊపిరి లేదు నాకు. తల్లీ పిల్లా బాగున్నారు. కానీ డాక్టరమ్మ "ఇది ఒకటోసారి" అంది.

చక్రాలే నాయనా, అవే వెనక్కి గుంజుతున్నాయి. చక్రాల సంగతి చూడు. సైకిల్ పంపుతున్నాను, తొందరగా తిప్పి పంపు. కూర్చుంటే లేవాలనిపిస్తోంది, లేస్తే కూర్చోవాలనిపిస్తోంది. కళ్లు మూస్తే గుట్టే కనిపిస్తోంది.

మార్త

తాండూరు,
2 ఆగస్టు 1958

బిడ్డా,

ఆలస్యమైనందుకు కోపం జేయకు. సికింద్రాబాద్ పాత సామాన్ల బజారు దాక పోయిన. ఎవరో దొర రేసు సైకిల్ విప్పి అమ్ముతున్నరు, దాని అల్యూమినియం చక్రాలు తెచ్చి ఎక్కించిన. రెండు సేర్లు తగ్గినయ్. చక్రం అంచుకెల్లి తీసిన సేరు ఇంకెక్కడన్న తీసిన రెండు సేర్లంత, ఇది నా చేతికి ఎరుక. రాడ్ బ్రేకులు వీటికి పట్టయ్, వైరు బ్రేకులు పెట్టిన. వెనక చైన్ తిరిగే చక్రం పద్దెనిమిది పండ్లది తీసి ఇరవై రెండు పండ్లది ఏసిన. జోరు తగ్గుతది గని ఎత్తు మీద కాలు అల్కగ ఆడుతది.

ఇగ గుట్ట నీకు లెక్క గాదు. ఎట్లెక్కుతున్నవో వెంటనే రాయి, నా మనసు పని మీద నిలుస్తలేదు.

నీ నాయన

వికారాబాద్,
1 సెప్టెంబరు 1958

ప్రియమైన నాయనా,

ఇంకా బరువుగానే ఉంది. గేటు దాకా కూడా ఎక్కలేకపోతున్నాను. మొన్న రెండోసారి ఆలస్యమైంది. సీటు బరువేమో, హ్యాండిల్ బరువేమో. మళ్లీ పంపుతున్నాను. అడగొద్దు, తగ్గించు చాలు. వానలకు కొంచెం పడిశం, అంతే.

మార్త

వికారాబాద్,
14 సెప్టెంబరు 1958, ఆదివారం

బిడ్డా మార్తా,

పొద్దుగాల రైలుకు సైకిల్ పట్టుకొని నేనే వచ్చిన. నువ్వు చర్చికి పోయినవని ఇంద్రమ్మ జెప్పింది. జరసేపు కూసుంటే నిన్ను జూసేటోన్ని, గని నీ మొహం జూసి గీ మాట అనలేను. రాసి ఆమె చేతుల పెట్టి పోతున్న.

సీటు, హ్యాండిల్ మార్చిన. మొత్తం ఏడు సేర్లు పోయినయ్. ఇంక తియ్యనీకి ఏం లేదు. అరుగు మీది బండ ముక్కలన్నీ గోనెసంచిల ఏసి తెచ్చిన. ఆ ఏడు సేర్లు వీపుకు గట్టుకొని నీ సైకిల్ మీద గుట్టెక్కిన. యాభై నాలుగేండ్లోన్ని, ఎక్కడ దిగలే. బరువు సైకిల్‌ది గాదు బిడ్డా.

నీ తల్లి బిందె బరువైతుందన్నది. చిన్న బిందె తెచ్చిన. అది గూడ బరువన్నది. చెంబు తెచ్చిన. మంచిగ జూసుకుంటున్న అనుకున్న. ఎందుకు బరువైతుందని ఒక్కనాడు అడగలే. ఆమె ఏ దగ్గుతోని పోయిందో నీకు ఎరుకే.

ఇప్పుడు అడుగుతున్న. నీకు దగ్గున్నదా? జరమొస్తున్నదా? రేపే పోయి ఎక్స్‌రే తీపిచ్చుకో. ఉద్యోగం పోతే పోనీ.

నీ నాయన

అనంతగిరి,
24 నవంబరు 1958

ప్రియమైన నాయనకు,

రోజూ సైకిల్ దిగిన ఆ గేటు లోపలి నుంచే రాస్తున్నాను. ఇన్నాళ్లూ ఇంద్రమ్మ చేత కబుర్లు పంపానే కానీ, ఈ మాట రాయడానికి చెయ్యి రాలేదు.

నాకు ముందే తెలుసు నాయనా. జూలైలోనే రుమాలు మీద ఎర్రగా కనిపించింది. చెబితే ఆ రోజే ఉద్యోగం పోయేది. అమ్మ మంచం గుర్తొచ్చేది. అందుకే తప్పు సైకిల్‌దే కావాలని మొండికేశాను. నువ్వు ఒక్కో సామాను తీసినప్పుడల్లా నాకు భయం పెరిగేది. తీయడానికి ఏమీ మిగలని రోజున ఏం రాయాలో తెలిసేది కాదు. నీ చీటీ చదివి గంటసేపు ఏడ్చాను, తెల్లారి డాక్టరమ్మకు అంతా చెప్పాను.

ఆ జబ్బుతోనే పదకొండు మంది పిల్లల్ని పట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ కుదురుగా కూర్చోలేను. డాక్టరమ్మ అందర్నీ పిలిపించి చూసింది, ఎవరికీ ఏమీ లేదంది. నా మీద కోపం మాత్రం తగ్గలేదు, తగ్గకూడదు కూడా. నా చోట్లోకి హన్మమ్మ అనే ఆమె వచ్చింది. మన సైకిల్ ఆమెకే ఇచ్చాను. గేటు ముందు నుంచి ఆగకుండా ఎక్కిపోతుంటే కిటికీలోంచి చూస్తాను.

రోజూ సూది, మాత్రలు, పాలు, గుడ్లు. ఎండాకాలానికి ఇంటికి పంపిస్తామంటున్నారు. నువ్వు కారియర్ ఉన్న సైకిలే తీసుకురా, వెనక కూర్చుని గుట్ట దిగుతాను.

ఇక్కడ ప్రతి సోమవారం మమ్మల్ని తూస్తారు. ఇవాళ్టికి మూడు సేర్లు పెరిగాను. ఆ బండ ముక్కలు పారేయలేదు కదా? అరుగు మీద మూడు సేర్లవి పెట్టు. మిగతావి దగ్గర ఉంచుకో, వారం వారం రాస్తాను.

నీ బిడ్డ
మార్త