వెనక సీటు జాకెట్

జూన్ 9

వానలు మొదలయ్యాయి. ఇద్దరు తొక్కే మా సైకిల్ మీద అక్క ముందు, నేను వెనక. చిన్నప్పటి నుంచి అన్నిట్లోనూ ఇదే వరస. తను స్కూల్లో లెక్కల టీచర్. ఆ స్కూలు పక్క వీధిలో మందుల షాపులో నేను ఫార్మసిస్టుని.

నా రెయిన్‌కోటు బయటి చుక్క లోపలికి రానివ్వదు, లోపలి చెమట బయటికి పోనివ్వదు. ఉడికిపోతున్నానక్కా అని దారంతా మొత్తుకున్నాను. నోరు మూసుకుని తొక్కమంది. కౌంటర్ దగ్గర ఒక పెద్దాయన ముక్కు మూసుకున్నాడు. మంచి జాకెట్ కొనాల్సిందే.

జూన్ 12

స్పీడ్ బ్రేకర్ మీద అక్క అసలు స్లో చెయ్యలేదు. నాలుక కరుచుకున్నాను. కళ్ళద్దాల మీద నీళ్ళు అంది. వెనక కూర్చుంటే నాకు ముందేముందో కనబడదు. అక్క వీపే నా రోడ్డు.

జూన్ 14, ఆదివారం

సైకిల్ సామాన్ల షాపు. కొట్టాయన మహా ఓపికమంతుడు. వేడి టీ గ్లాసు మీద జాకెట్ బట్ట కప్పి, దాని పైన అద్దం పట్టాడు. అద్దం మసకబారింది. ఆవిరి బయటికొస్తోందన్నమాట. అదే బట్ట మీద నీళ్ళు పోస్తే జారిపోయాయి.

ఇద్దరికీ ఒకటే రకం పనికిరాదన్నాడు. వెనకవాళ్ళకి గాలి తగలదు, చెమట ఎక్కువ, కాబట్టి పల్చటి బట్ట, చంకల కింద జిప్పులు. వాన దెబ్బంతా ముందువాళ్ళకే, కాబట్టి మందపాటి బట్ట, టోపీకి గట్టి అంచు.

టోపీ ఉంటే పక్కలు కనబడవని అక్క పేచీ. అద్దాల మీద నీళ్ళు పడకపోతే అన్నీ కనబడతాయని నేను. చివరికి నా మాటే నెగ్గింది. ఇలాంటివి ఎప్పుడోగానీ జరగవు, అందుకే రాసిపెట్టుకుంటున్నా.

జూన్ 17

కుండపోత. చెమట లేదు. ప్రాణం లేచొచ్చింది.

జూన్ 20

ఇవాళ ఎండ. అక్క టోపీ మడిచి మెడ వెనక పెట్టుకుంది. అయినా పక్క సందులోంచి వచ్చిన బ్రెడ్ వ్యాన్‌ని చూసుకోలేదు. డ్రైవర్ బ్రేకు తొక్కబట్టి ఇది రాస్తున్నాను.

అతను కిందికి దిగి నానా మాటలన్నాడు. అక్క తిరిగి ఒక్క మాట అనలేదు. మా అక్క! వ్యాన్ కన్నా దానికే నాకు ఎక్కువ భయమేసింది.

జూన్ 21

పొద్దుట్నుంచీ ముభావంగా ఉంది. సాయంత్రం, అంతా ఆ టోపీ వల్లే, జాకెట్ మార్చుకొద్దాం అంది. టోపీ మడిచే ఉందని ఇద్దరికీ తెలుసు.

జూన్ 22

అక్క తన జాకెట్ కౌంటర్ మీద పెట్టింది. దీని బదులు ఏది కావాలని కొట్టాయన అడిగాడు.

"వెనక సీటుది, నా కొలతకి. ముందు సీటుది మా చెల్లికి చూడండి," అంది.

నా వైపు చూడకుండానే అంది.

బయటికొచ్చాక ఫుట్‌పాత్ మీద అంతా చెప్పింది. గ్లాకోమా. రెండు కళ్ళకీ పక్క చూపు తగ్గిపోయింది. పోయింది తిరిగి రాదట. చుక్కలు మానకుండా వేసుకుంటే ఉన్నది నిలబడొచ్చట. ఆ చుక్కలు రోజూ నా చేత్తో నేను ఎంతమందికో ఇస్తాను. నాకు తెలిసిపోతుందని తను ఊరవతల షాపులో కొంటోంది, ఫిబ్రవరి నుంచి.

ఇన్నాళ్ళూ నన్ను వెనక ఎక్కించుకుని ఎలా నడిపావని అరిచాను. దారి బట్టీ పట్టానంది. హ్యాండిల్ వదిలేస్తే ఇక నువ్వు నన్ను ఏ విషయంలోనూ లెక్కచెయ్యవేమో అనుకున్నానంది. కోపమూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. నాకు ముందు కూర్చోవడం రాదు, భయమన్నాను.

"నేను నేర్పిస్తాలే," అంది.

జూన్ 28, ఆదివారం

స్కూల్ గ్రౌండులో ప్రాక్టీసు. పడ్డాం. మళ్ళీ పడ్డాం. అక్క వెనక నుంచి పాఠం ఆపలేదు. క్లాసులో పిల్లలు ఎలా భరిస్తున్నారో పాపం. మోకాలికి నా షాపు దూదే వాడాను.

జులై 2

వాన. నేను ముందు. మొహం నిండా నీళ్ళు, ఎదురుగా ఎవరి వీపూ లేదు. సందు దగ్గర ఆగి, అటూ ఇటూ చూసి, మళ్ళీ తొక్కాను.

వెనక నుంచి అక్క ఉడికిపోతున్నానే అంది.

చంకల కింద జిప్పులు తియ్యమన్నాను.