ముందు గాలి

1 డిసెంబరు, సోమవారం
రైళ్ల దుప్పట్లు ఉతికే మా లాండ్రీలో బాయిలర్ ఆటో కంట్రోల్ పోయింది. మంటకు ఎంత గాలి కావాలో తనే చూసుకునే కార్డు కాలిపోయింది. కొత్తది రాయపూర్ నుంచి రావాలి. అందాకా బాయిలర్ ఆపితే స్టీమ్ లేక ఇస్త్రీ ఆడవాళ్లందరినీ ఇంటికి పంపేస్తారట. మాన్యువల్‌గా నడపగలవా అని సూపర్‌వైజర్ అడిగాడు. ఈ షిఫ్టులో సర్టిఫికెట్ ఉన్నది నాకే. నడుపుతానన్నాను.

ఇంటికొచ్చాక భయం వేసింది. గాలి చాలకపోతే బొగ్గు సరిగా కాలక మిగిలిన గ్యాస్ లోపల పేరుకుంటుంది. అది ఒక్కసారిగా అంటుకుంటే వెనక తలుపు ఎగిరిపోతుంది. గాలి చక్రం ఆ తలుపు పక్కనే. దాన్ని తిప్పుతూ నిలబడేది దిలీప్. ఈ ఊరివాడే, తెలుగు రాదు. సర్కండా పేటలో ఇల్లు. మొన్ననే కూతురు పుట్టింది.

2 డిసెంబరు
ముందువైపు నేను, వెనకవైపు దిలీప్. ఒకరికొకరం కనబడం. అద్దంలోంచి మంట చూసి నేను కేక వేయాలి. ఎర్రగా, పొగగా ఉంటే ‘హవా’, అంటే గాలి పెంచమని. తెల్లబడి కళ్లు జిగేల్మంటే ‘బస్’, ఇక చాలని. పెంచేటప్పుడు ముందు గాలి, తర్వాత బొగ్గు. తగ్గించేటప్పుడు ముందు బొగ్గు. గొంతు పెంచడం నాకు అలవాటు లేదు. ‘దీదీ, పూజలో కూర్చున్నావా? జోర్ సే బోలో’ అని విసుక్కున్నాడు.

3 డిసెంబరు
గొంతు పోయింది. మిరియాల పాలు తాగాను.

4 డిసెంబరు
మార్గశిర లక్ష్మివారం. పొద్దున్నే అమ్మవారి పూజ ముగించి డ్యూటీకి వెళ్లాను.

భోజనాల ముందు ఇస్త్రీ మెషీన్లన్నిటికీ ఒకేసారి స్టీమ్ తెరిచారు. ప్రెషర్ పడిపోతోంది. బొగ్గు పెంచాలి, దానికి ముందు గాలి. కంగారులో ‘హవా’ నోటికి రాలేదు. ‘గాలి! గాలి దో, దిలీప్!’ అని అరిచాను. మంట రంగు మారలేదు. మళ్లీ అరిచాను. మారలేదు. ‘బొగ్గు వెయ్యమ్మా, ప్రెషర్ పోతోంది’ అని పక్కన సూపర్‌వైజర్ గోల. వేలు బొగ్గు స్విచ్ మీదే ఉంది. అద్దంలో ఎరుపే. నొక్కలేదు.

స్టీమ్ చాలక ఇస్త్రీ ఆగిపోయింది. అప్పుడు దిలీప్ పరుగెత్తుకొచ్చాడు. ‘గాలీ ఎవరికివ్వాలి దీదీ? సాబ్‌కా?’ అని మెల్లగా అడిగాడు. హిందీలో గాలీ అంటే తిట్టు, ‘గాలీ దో’ అంటే తిట్టమని. సూపర్‌వైజర్ సాబ్ వింటూనే ఉన్నాడు.

ఇస్త్రీలో పనిచేసే అచ్చియమ్మ సాయంత్రం దాకా వదల్లేదు. ‘ఏటే ఉషా, నోట్లో ఏలెడితే కొరకలేని దానివి, లక్ష్మివారం పూట తిట్లు తిట్టమంటన్నావేటి!’ అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అన్నం మాత్రం సయించలేదు. నొక్కి ఉంటే?

6 డిసెంబరు
కార్డు వచ్చింది. బాయిలర్‌ని మళ్లీ ఆటో కంట్రోల్‌లో పెట్టారు. దిలీప్‌ని దుప్పట్ల వైపు పంపారు. బాయిలర్ వెనక్కి వెళ్లి చూశాను. తలుపు పక్కన ఎవరూ లేరు. ఆ ఖాళీకి దండం పెట్టుకున్నాను.