తీగ పెట్టిన నాజిళ్లు

ప్రియమైన రత్నం అన్నయ్యకు,

తమ్ముడు దానియేలు చేసే వందనాలు. ప్రభువు కాపుదలలో నేనిక్కడ బాగానే ఉన్నాను, బెంగపడవద్దు. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? వదినకు, పిల్లలకు ఒంట్లో కులాసాయేనా? ఇదంతా ఫోనులో చెప్పవచ్చు కదా అంటావు. నువ్వు ఫోనెత్తగానే స్పీకరు పెడతావు, స్ప్రేయర్లు బాగుచేయించుకోవడానికి వచ్చిన చెరుకుపల్లి రైతులంతా నీ బల్ల చుట్టూ చేరి వింటారు. ఈ సంగతి వాళ్లు వినేది కాదు. అమ్మకు కూడా చదివి వినిపించకు.

ఇక్కడ గుజరాత్‌లో ఎండ ఒక బాధ, దుమ్ము ఇంకో బాధ. తిండి గురించి చెప్పేదేముంది, పప్పులో బెల్లం వేసే మనుషులు. వదిన పంపిన గోంగూర పచ్చడి అయిపోయి పది రోజులైంది, వీలైతే మళ్లీ పంపమను. నిజాంపట్నం ఎండు రొయ్యల డబ్బా మూత తీస్తే గదిలోవాళ్లు కిటికీలన్నీ తెరిచి నన్ను దొంగను చూసినట్టు చూశారు. ఆదివారం ఆరాధనకు తెలుగు సంఘం లేదు. ఒక్కణ్ణే రెండు పాటలు పాడుకుని బట్టలు ఉతుక్కుంటాను. అయినా బాగానే ఉన్నాను.

నా పని చెప్పాను కదా. టైల్స్‌కు కావలసిన మట్టిని నీళ్లతో కలిపి, చిక్కటి పాలలా చేసి, మూడంతస్తుల ఎత్తున్న ఇనుప టవరులోకి పంపుతో పంపిస్తారు. లోపల నాజిళ్లు దాన్ని తుంపరగా చిమ్ముతాయి. వేడి గాలికి ఆ తుంపర ఎండి, పొడిగా కిందికి రాలుతుంది. నీ దగ్గరికి వచ్చే, పొలంలో మందు కొట్టే తైవాన్ స్ప్రేయరే అనుకో, ఒళ్లు పెరిగిందంతే. పాత బ్రష్షుతో నాజిళ్లు తోముకుంటూ నీలాగా బతకలేనని నీ మొహం మీదే అని రైలెక్కాను. ఇంత దూరం వచ్చి చేస్తున్నదీ నాజిళ్ల పనే. నవ్వుకో.

మా షిఫ్టు ఇంజినీరు మురళి సారు తెనాలి మనిషి. వచ్చిన కొత్తలో ఆయన నోట తెలుగు మాట వినగానే ప్రాణం లేచివచ్చింది. ఇప్పుడు ఆ గొంతు వింటే ఒళ్లు మండుతోంది. ఇస్త్రీ చొక్కా, మెడలో బ్యాడ్జీ, చేతిలో ట్యాబు అన్నీ ఉన్నాయి, టవరు మెట్లు మాత్రం ఎక్కడు. నెల క్రితం నాజిళ్లు మాటిమాటికీ పూడుకుపోవడం మొదలైంది. పంపు ముందున్న వడపోత జాలీ చిరిగింది, మట్టి పలుకులు దాటి వచ్చేస్తున్నాయి, జాలీ మారిస్తే చాలని చెప్పాను. ఆయన తలెత్తకుండానే, "ఏంటి దానియేలూ, పొలంలో మందు కొట్టే మిషన్ల తెలివితేటలు ఇక్కడ పనికిరావయ్యా. ప్రెషర్ పెంచితే అదే పోద్ది" అన్నాడు. పెంచాడు. పలుకులు పోలేదు, ఇంకా గట్టిగా బిగుసుకున్నాయి. అంత చదువు చదివి, గొంతులో ముల్లు అడ్డం పడినవాడికి ఇంకో ముద్ద కుక్కే తెలివి.

ఇక అసలు సంగతి. సారును తిట్టుకుంటూనే ఒక మధ్యాహ్నం, పని వెనకబడిందని అందరూ మీద పడి అరుస్తుంటే, నేను ఇనుప తీగ తీసుకుని ఆరు నాజిళ్ల బెజ్జాలు పొడిచాను. నేనే, అన్నయ్యా. "తీగ పెట్టావంటే బెజ్జం పాడైపోద్దిరా, నానేసి బ్రష్షుతో తోమాలి" అని నువ్వు రైతుల చేతుల్లోంచి పిన్నీసులు లాక్కుని కాలవలో పారేస్తుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. ఐదు నిమిషాల్లో ధార బాగా వచ్చింది. "చూశావా, ప్రెషర్ పనిచేసింది" అన్నాడు మురళి సారు. నేను తీగను చుట్టి జేబులో వేసుకున్నాను.

మర్నాటికి తుంపర పక్కకు కొట్టి, టవరు గోడకు తడి మట్టి పేరుకుని, గడ్డలుగా ఊడిపడింది. పని ఆపి నాజిళ్లు విప్పితే బెజ్జాల నిండా గీతలు. జాలీ సంగతి బయటపడకుండా, నింద మోపడానికి మురళి సారుకు ఒక మనిషి కావలసి వచ్చాడు. నాజిళ్లు కడిగే భీమా దొరికాడు. ఒడిశా మనిషి, నాన్న ఉంటే ఆ వయసే. నాజిళ్లను తొట్టిలో నానబెట్టి, బ్రష్షుతో తోమి, ఒక్కొక్కదాన్నీ నీళ్ల గొట్టానికి తగిలించి, గచ్చు మీద తడి గుండ్రంగా పడిందో లేదో చూస్తాడు. అచ్చం నువ్వు చేసినట్టే. తీగ పెట్టింది ఆయనేనని, సోమవారం నుంచి రావద్దన్నారు. ఆయన నా వైపు తిరిగి హిందీలో, "రోజూ చూస్తావు కదా బాబూ, నేను తీగ పట్టుకోగా ఎప్పుడైనా చూశావా?" అని అడిగాడు. గమనించలేదన్నాను.

మురళి సారును మొదటి పేజీ నుంచి తిడుతున్నాను కదా. ఆ మాట అన్న నోటికి ఏ తిట్టు సరిపోతుందో నువ్వే చెప్పు.

రెండు రోజులు భీమా తొట్టి వైపు వెళ్లకుండా తిరిగాను. మూడో రోజు ఉన్నదున్నట్టు కాగితం రాసి మురళి సారుకే ఇచ్చాను. చదివి తలుపు వేశాడు. "మీది చెరుకుపల్లి, మాది తెనాలి. మనోళ్లం మనం ఒకళ్లనొకళ్లు చూసుకోపోతే ఎట్టాగయ్యా? ఆ ముసలాయనకి ఇంకో ఫ్యాక్టరీ దొరుకుద్దిలే. చించెయ్" అన్నాడు. ఊరు పేరు చెప్పి ఇంత నీచమైన మాట అన్నవాణ్ణి నేను చూడలేదు. "ఆ చుట్టరికం నాకొద్దండి" అని కాగితం తీసుకుని మేనేజరు గదికి వెళ్లాను.

సోమవారం భీమా ఎప్పటిలాగే తొట్టి దగ్గర కూర్చున్నాడు. జాలీ మార్చారు. నాజిళ్లు ఇప్పుడు పాత ప్రెషర్‌కే చక్కగా చిమ్ముతున్నాయి. తీగ పెట్టినందుకు నన్ను నెలాఖరుకు వెళ్లిపొమ్మన్నారు. మురళి సారు అదే ఇస్త్రీ చొక్కాలో తిరుగుతున్నాడు, జాలీ ఎందుకు ముఖ్యమో మాకు క్లాసు కూడా చెప్పాడు. భీమాను క్షమించమని అడిగాను. ఆయన నాజిల్ తోముకుంటూ కూర్చున్నాడు. అది న్యాయమే.

ఒకటో తారీఖున బయలుదేరతాను. తెనాలిలో దిగి బస్సెక్కుతాను. అమ్మకు సెలవు మీద వస్తున్నానని మాత్రం చెప్పు, మిగతాది నేనే చెప్పుకుంటాను. అమ్మకు, బాపట్ల పెద్దమ్మకు, మన చర్చి అయ్యగారికి నా వందనాలు. పిల్లలకు ముద్దులు. ప్రార్థనలో నన్ను తలుచుకోండి.

నీ బల్లకు అటు చివర, కిరోసిన్ డబ్బా పెట్టే చోటు, నాకు ఖాళీ చేసి ఉంచు. ఒక పాత బ్రష్షు ఇస్తే చాలు. తీగ మాత్రం నా చేతికి అందేచోట ఉంచకు.

ఇట్లు,
నీ దీవెన కోరే తమ్ముడు
దానియేలు